పార్కు మింగినోడు ఒకడు.. పైసలు కట్టేది మనం

మా నాయిన 2016ల మండల కేంద్రం పక్కన 150 గజాల జాగ కొన్నడు. పత్తి అమ్మిన పైసలకు అమ్మ పుస్తెలతాడు కుదవ పెట్టిన పైసలు కలిపిండు. రంగుల బ్రోచర్‌ల పార్కు ఉండె, పెద్ద రోడ్డు ఉండె. రిజిస్ట్రేషన్ కూడా అయింది. ఇంకేం కావాలె అనుకున్నం. అది అనుమతి లేని లేఅవుట్ అని 2020ల తెలిసింది. పార్కు అని చూపించిన కాడ కూడా ప్లాట్లు కొట్టి అమ్ముకున్నరు.

ఇది ఒక్క మా ఇంటి ముచ్చటనే కాదు. 2020 ఆగస్టు 31న అప్పటి సర్కారు 131 నంబర్ జీవోతోని ఎల్ఆర్ఎస్ తెచ్చింది. ఆగస్టు 26 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే అవకాశమన్నది. ప్లాటుకు వెయ్యి రూపాయల ఫీజు. 25 లక్షలకు పైగా అర్జీలు వచ్చినయ్. అంటే అర్జీల పైసలే 250 కోట్లు దాటినయ్. కోర్టు కేసులు, ఎన్నికల నడుమ ఆ ఫైళ్లు ఏండ్లకేండ్లు మూలకు పడ్డయ్. అప్పుడు ఎల్ఆర్ఎస్ వద్దని కొట్లాడిన పార్టీయే గద్దెనెక్కినంక, 2025ల 25 శాతం రాయితీ అని చెప్పి వసూలు మొదలుపెట్టింది.

ఫీజు ఎట్ల లెక్కగడ్తరో మన యూత్‌కు తెలవాలె. 150 గజాలంటే దగ్గరదగ్గర 125 చదరపు మీటర్లు. 100 దాటి 300 మీటర్ల లోపుండే ప్లాటుకు మీటరుకు 400 చొప్పున 50 వేలు అయితది. గజం ధర 3 వేల లోపుంటే అందుల 20 శాతమే కట్టాలె, అంటే 10 వేలు. ఇగ అసలు దెబ్బ ఇంకోటుంది. లేఅవుట్‌ల 10 శాతం ఖాళీ జాగ ఇడవకుంటే, ప్లాటు విలువల 14 శాతం కట్టాలె. సర్కారు లెక్కల గజం 1,500 అనుకుంటే జాగ విలువ 2 లక్షల 25 వేలు. దాని మీద 14 శాతమంటే 31,500. రాయితీ తీసెయ్యకముందు మొత్తం 41,500. అందుల నాలుగింట మూడొంతులు పార్కు పేరు మీదనే పోతున్నయ్!

పార్కు జాగ అమ్ముకున్నదెవరు? వెంచర్ ఏసినోడు. దాని పైసలు కడ్తున్నదెవరు? మా నాయిన. నా కోపమంతా గీన్నే ఉన్నది.

అట్లని రూల్సే వద్దని నేను అనను. రోడ్డు ఇరుకైతే అంబులెన్స్ రాదు. మోరీ లేకుంటే వానకాలం ఇంట్లకే నీళ్లొస్తయ్. చెరువు శిఖంల, ఎఫ్‌టీఎల్‌ల ప్లాట్లు చేస్తే రేపు ఊరే మునుగుతది. అందుకే అసొంటి జాగలను ఎల్ఆర్ఎస్‌ల కలుపలేదు. అది సరైనదే.

తప్పు ఏందంటే, మాఫీ అలవాటైపోయింది. ఉమ్మడి రాష్ట్రంల 2007 ఆఖరుకు ఒకపారి తెచ్చిండ్రు. తెలంగాణ వచ్చినంక 2015ల ఇంకోపారి, 2020ల మళ్లోపారి. ప్రతిసారీ ఇదే ఆఖరు అన్నట్టే చెప్తరు. వెంచర్ ఏసేటోడికి దీంతోని ఏం సమజైతది? ‘ఇయ్యాల అమ్ముకో, రేపు కొన్నోడే కట్టుకుంటడు’ అనే కదా. అక్రమ కట్టడాల రెగ్యులరైజేషన్ ఒక్కసారికే, ప్రత్యేక పరిస్థితుల్లనే ఉండాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌ల గట్టిగనే చెప్పింది.

చట్టానికి కోరలు లేవా అంటే ఉన్నయ్. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా రిజిస్ట్రేషన్ చేయించాలె. చేయించకుంటే ప్రాజెక్టు ఖర్చుల 10 శాతం దాక జుర్మానా ఏయొచ్చు. ఆ కోరలు పల్లెల దిక్కు ఎందుకు రావు? కొన్నోడి కాడ 14 శాతం ముక్కుపిండి తీస్కునే సర్కారు, అమ్మినోడి మీద కూడా అంతే పట్టు చూపియ్యాలె.

ఇంకో మాట. ఎల్ఆర్ఎస్ పైసలను విడిగ ఖాతాల పెట్టి, ఆ ప్రాంతంల వసతులకే ఖర్చు పెట్టాలని రూల్సే చెప్తున్నయ్. మరి మీ ఊరి వెంచర్ల నుంచి ఎంత జమైంది? ఏ రోడ్డు ఏసిండ్రు, ఏ మోరీ కట్టిండ్రు? పది రూపాయల ఆర్టీఐ అర్జీతోని అడుగొచ్చు. గ్రామసభల లేచి అడుగొచ్చు. వాట్సాప్ స్టేటస్ పెట్టుడు కంటే ఇది గట్టి పని.

జాగ కొనాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మూడు సంగతులు యాదికి పెట్టుకోండ్రి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టు కాదు. ‘పంచాయతీ లేఅవుట్’ అంటే నమ్మకుండ్రి, హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ నంబరు అడుగుండ్రి. ఎల్ఆర్ఎస్ కట్టినా అది ప్లాటును క్రమబద్ధం చేసుడే, భూమి మీద హక్కు తగాదా ఉంటే అది తీరదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసినంకనే బయానా ఇయ్యుండ్రి.

మా నాయిన మొన్న పైసలు కట్టిండు. రసీదును ఇనుప పెట్టెల, పట్టా పాస్‌బుక్కు పక్కన దాచిండు. ‘ఇగ ఇల్లు కట్టుకోవచ్చు బిడ్డా’ అన్నడు. కట్టుకుంటం. కానీ ఆ పార్కు ఏది అని అడుగుడు మాత్రం నేను ఇడిసిపెట్ట.