తొక్కడమెందుకు, చెక్కు చాలదా?

సైకిలు తొక్కితే క్యాన్సరు కుదురుతుందా అని వెక్కిరించే పెద్దమనుషులకు సమాధానంగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బోస్టనులో ఉంటున్న మా మేనల్లుడు ‘పాన్-మాస్ ఛాలెంజ్’ అనే సైకిలు యాత్రలో పాల్గొంటూ బంధువర్గాన్ని విరాళాలడిగాడు. నా పింఛనులో నుంచి చేతనైనది పంపాను. తక్కినవారిలో పలువురు పంపినవి పరిహాసాలే. ఆ పరిహాసాలనే పూర్వపక్షాలుగా స్వీకరించి సమాధానం చెబుతాను.

మొదటి పూర్వపక్షం: “ఇవ్వదలచినవాడు చెక్కు వ్రాసి ఇవ్వవచ్చు గదా, ఈ ఆర్భాటమెందుకు?”

అయ్యా, 1980లో బిల్లీ స్టార్ అనే యువకుడు, తల్లిని క్యాన్సరుకు కోల్పోయినవాడు, ముప్ఫయ్యారుమందితో మసాచుసెట్స్‌లో ఈ యాత్ర మొదలుపెట్టాడు. ఆ యేడు పోగైనది పదివేల డాలర్ల పైచిలుకు. 2024లో ఒక్క యేటి సేకరణ 7.5 కోట్ల డాలర్లు. మొదటినుంచీ లెక్కిస్తే నూరుకోట్ల డాలర్లు దాటింది. ఈ సొమ్ము ఏ ఒక్క కుబేరుడి చెక్కు? ఒక్కొక్కడు తన బంధుమిత్రుల గుమ్మాలన్నీ ఎక్కి దిగితే వచ్చినది. యాత్రికులు సేకరించిన ప్రతి డాలరూ డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకే చేరుతుంది. నిర్వహణ వ్యయం వేరే మార్గాన సమకూరుతుంది. ఒప్పుకున్న కనీస మొత్తం పోగు కాకపోతే తరుగు యాత్రికుడే తన జేబులోనుంచి కట్టాలి. దీనిని ఆర్భాటమనరు, దీక్ష అంటారు. ఒళ్ళు వంచి శ్రమించినవాడి నోటికే అడిగే అర్హత ఉంటుంది.

రెండవ పూర్వపక్షం: “అమెరికా సంస్థకు మనమెందుకివ్వాలి?”

ఈ మాట తెలుగువాడు అనకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ అనే మందునే బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతో కృశిస్తున్న పిల్లలకిచ్చాడు. పదహారుమందిలో పదిమందికి వ్యాధి తాత్కాలికంగానైనా వెనుకంజ వేసిందని 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యుల చేతిలో ఉంది. ఆ ఫార్బర్ 1947లో నెలకొల్పిన సంస్థే నేటి డానా-ఫార్బర్. అక్కడికి చేరే సొమ్ము పరాయి పొలంలో పోసిన నీరెలా అవుతుంది?

ఇంతకూ సుబ్బారావుగారు సముద్రం దాటినదెలా? కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన హామీతో, మామగారు కూర్చిన ధనంతో. దాతలు లేకపోతే ఆ మేధ ఇక్కడే అణగారిపోయేది. తరగతిలో ఆయన పేరెత్తినప్పుడల్లా పిల్లల కళ్ళు మెరిసేవి. ఆయన ప్రయాణానికి డబ్బెవరిచ్చారని అడిగిన పిల్లవాడు మాత్రం నాకు తారసపడలేదు. పిల్లలనననేల, పెద్దలమైనా మనమెప్పుడు అడిగాం?

మన జాతికి దానగుణం లేదనను. అన్నదానం ఎరుగుదుం, విద్యాదానం ఎరుగుదుం. సత్రానికి గది కట్టిస్తాం, ఆసుపత్రికి మంచాలిస్తాం, వాటిమీద తాతగారి పేరు చెక్కిస్తాం. పరిశోధనకు ఇమ్మంటే మాత్రం చేయి వెనక్కిపోతుంది. కారణం స్పష్టమే. అక్కడ పేరు చెక్కడానికి రాయి ఉండదు. ఇచ్చిన సొమ్ముతో చేసిన ప్రయోగం విఫలం కావచ్చు. ఫలించినా ఇరవై యేళ్ళు పట్టవచ్చు, అప్పటికి ఇచ్చినవాడు ఉండకపోవచ్చు. ఆ మందు తిని బ్రదికిన బిడ్డకు దాత ఊరూ పేరూ తెలియవు. ఫలాపేక్ష లేని దానం గొప్పదని పురాణ కాలక్షేపాలలో తలలూపేవారమే, అటువంటి దానం ఎదుటికొచ్చి నిలబడితే “ఇందువల్ల ఒరిగేదేమిటి?” అంటున్నాం!

ఫార్బర్ చూసిన ఆ పదిమంది పిల్లలకూ దక్కినది కొద్దికాలపు ఊరటే. ఆ ఊరటను పట్టుకుని తరువాతివారు అడుగు వెనుక అడుగు వేయబట్టే, మంచి వైద్యమందే చోట్ల ఆ వ్యాధి సోకిన పిల్లలలో అత్యధికులు నేడు బ్రదికి బట్టకడుతున్నారు. ఆ ప్రతి అడుగుకూ ఎవరో డబ్బిచ్చారు.

సుబ్బారావుగారు మావాడని ఏటా జనవరి 12న దండ వేసి, ఆయన సాగించిన పనికి పైసా రాల్చకపోవడాన్ని తెలుగులో చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటారు. చెట్టుకు నీళ్ళు మోసేవాడు సైకిలు మీద మోస్తేనేం, కావడిమీద మోస్తేనేం? చేతనైతే ఒక బిందె అందించండి. చేతకాకపోతే వాడి దారికి అడ్డు తొలగండి.