ముందుగా దించవలసిన చూపు

2025 మార్చిలో, పవిత్ర రమజాన్ మాసం నడుస్తుండగా, ‘రాబిన్‌హుడ్’ అనే తెలుగు చిత్రంలోని ‘అది దా సర్‌ప్రైజు’ అనే పాట యూట్యూబులో విడుదలైంది. నితిన్, శ్రీలీల ప్రధాన పాత్రధారులు; దర్శకుడు వెంకీ కుడుముల; సంగీతం జి.వి. ప్రకాశ్ కుమార్. ఆ ఒక్క పాట కోసం కేతికా శర్మ అనే నటిని తీసుకొన్నారు. నృత్యం సమకూర్చినది శేఖర్ మాస్టర్. పాటలోని ఒక భంగిమ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వివాదమైంది. ఆ భంగిమను మేమిక్కడ వర్ణించబోము. ఇది ఇంటిల్లిపాదీ చదివే పత్రిక. పైగా, చూడనివారు మన ఇళ్ళలో కూడా తక్కువే.

తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ మార్చి 20న ఒక హెచ్చరిక జారీ చేసింది. స్త్రీలను కించపరిచే అసభ్య నృత్య భంగిమలను పాటల్లో చూపరాదని, కాదంటే చట్టపరమైన చర్యలు తప్పవని నిర్మాతలకు, దర్శకులకు, నృత్య దర్శకులకు చెప్పింది. మార్చి 28న చిత్రం థియేటర్లకు వచ్చేసరికి ఆ భంగిమను తొలగించారు. ఆ రోజు శుక్రవారం, అల్విదా జుమా. అంతకు రెండు నెలల ముందు, జనవరిలో, ‘డాకు మహారాజ్’ చిత్రంలోని ‘దబిడి దిబిడి’ పాటపైనా ఇటువంటి విమర్శలే వచ్చాయి. దాని నృత్య దర్శకుడూ ఆయనే.

కమిషన్ చేసినది మంచి పనే. ముఖ్యంగా, అది నటిని దోషిగా నిలబెట్టలేదు. పాటను తయారు చేసినవారినే ఉద్దేశించి మాట్లాడింది. మేము వీధుల్లో, మస్జిదు మెట్ల మీద, పెళ్ళి విందుల్లో విన్న మాటలు మాత్రం దాదాపు అన్నీ ఆ నటి చుట్టూనే తిరిగాయి. ఆ పిల్లకు సిగ్గు లేదా, ఆమెకు తల్లిదండ్రులు లేరా అని. ఆ భంగిమను ఊహించి నేర్పినవారు, కెమెరాను ఎక్కడ నిలపాలో నిర్ణయించినవారు, ఖర్చు భరించినవారు ఎవరికీ గుర్తు రాలేదు. చూసినవారి మాట సరేసరి.

థియేటరులో తొలగించిన ముక్క ఫోనులో తొలగిపోలేదు. చిత్రానికి సెన్సారు బోర్డు సర్టిఫికెట్ కావాలి. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి, యు/ఎ తరగతిని 7, 13, 16 ఏళ్ళ వారీగా మూడుగా విభజించారు కూడా. కాని చిత్రానికి ముందే యూట్యూబులో వదిలే పాటకు ఆ సర్టిఫికెట్ అవసరం లేదు. నిర్మాతలకు ఇది బాగా తెలుసు. పాట ముందుగా వస్తుంది. అందులో పది క్షణాల ముక్కను జనం రీల్సుగా చేసి పంచుకొంటారు. చిత్రానికి ఖర్చు లేని ప్రచారం దొరుకుతుంది. వివాదం రేగితే ప్రచారం ఇంకా పెరుగుతుంది. బోర్డు చేతికి చిత్రం చేరేనాటికి పాట పని పూర్తయిపోతుంది. అందుకే మేము ప్రభుత్వం వైపు ఒకసారి చూసి, ఆ తరువాత మన ఇంటి వైపు ఎక్కువ సేపు చూడదలిచాము.

ఇదంతా బొంబాయి నుండో, పాశ్చాత్య దేశాల నుండో వచ్చిన తెగులని మన సభల్లో వక్తలు తరచు అంటూ ఉంటారు. కృష్ణా డెల్టాలో నిలబడి ఆ మాట అనడం కష్టం. విజయవాడ నుండి పామర్రు మీదుగా వెళితే కూచిపూడి, దాని సమీపంలోనే మొవ్వ. పదిహేడవ శతాబ్దంలో క్షేత్రయ్య ఆ మొవ్వ గోపాలుని పేరు మీదనే శృంగార పదాలు కట్టాడు. ఆయన గోల్కొండ పాదుషా కొలువులో కూడా పాడాడని సంప్రదాయం. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడి కళాకారుల ప్రదర్శన చూసి, ముచ్చటపడి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని ఆ ఊరివారు నేటికీ చెప్పుకొంటారు. శృంగారం ఈ నేలకు కొత్త కాదు. దాన్ని విన్నవారిలో మన సుల్తానులూ ఉన్నారు.

అందుచేత ఆ పదాలను పిల్లలకు నేర్పమని మేము అనడం లేదు. తేడా ఏమిటో గమనించమని మాత్రమే అడుగుతున్నాము. ఆ పదాల్లోని స్త్రీకి ఒక మనసు ఉంటుంది. ఆమె అలుగుతుంది, నిలదీస్తుంది, తలుపు వేసుకొంటుంది. అభినయం ముఖంలో, కళ్ళలో, చేతుల్లో ఉంటుంది. వినేవారు ఎదిగిన మనుషులు, వినాలని వచ్చి కూర్చున్నవారు. నేటి పాటలో కెమెరా స్త్రీని ముక్కలు ముక్కలుగా చూపుతుంది; ముఖానికి వచ్చే వంతు తక్కువ. చూసేవారిలో ఏడేళ్ళ పిల్లవాడు కూడా ఉంటాడు. వాడు దాన్ని వెదుక్కొంటూ పోలేదు, అదే వాడి చేతిలోకి వచ్చింది.

2021 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’లో సమంత నర్తించిన పాట ఈ విషయంలో విచిత్రమైనది. చంద్రబోస్ రాసిన ఆ పాట, స్త్రీ ఏ దుస్తులు ధరించినా, ఏ రూపంలో ఉన్నా మగవారి చూపు మారదని వారినే తప్పుపడుతుంది. పురుషుల సంఘం ఒకటి దానిపై ఫిర్యాదు కూడా చేసింది. పాట చెప్పినదాంట్లో నిజం ఉంది. కాని నోరు మగవారి చూపును నిందిస్తుండగా కెమెరా అదే చూపుతో ఆమెను చూపింది. నింద విని మగవారు ఈలలు వేశారు. తమను అంటున్నారని వారిలో ఎందరికి తోచిందో!

బందరు నుండి ఒక తల్లి మాకు రాసిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఇఫ్తారు తరువాత బంధువుల పిల్లలందరూ ఒక గదిలో చేరారు. ఆమె పెద్ద కొడుకు, ఇంటర్మీడియట్ చదువుతున్నవాడు, ఫోనులో ఈ పాట చూపించాడు. తొమ్మిదో తరగతి చదివే చెల్లెలు నవ్వుతూ రెండు అడుగులు వేసింది. అదే సమయానికి తండ్రి లోపలికి వచ్చాడు. మరుసటి రోజు నుండి ఆ అమ్మాయికి ఫోను లేదు. స్నేహితురాలి ఇంటికి వెళ్ళడం లేదు. వేసవిలో చేరాలనుకొన్న కంప్యూటర్ క్లాసు లేదు. కొడుకు ఫోను కొడుకు దగ్గరే ఉంది. “మా ఆయన మంచివారే, అయిదు పూటలా నమాజు చేస్తారు. మీరు ఒక మాట రాస్తే చదువుతారు” అని ఆ తల్లి రాసింది.

ఆ సోదరునికి మేము చెప్పదలచినది ఇది. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా ముప్ఫయ్యవ వాక్యం తీసి చూడండి. చూపును దించుకొమ్మనే ఆదేశం అక్కడ విశ్వాసులైన పురుషులకు వచ్చింది. స్త్రీలకు అదే ఆదేశం ఆ తరువాతి వాక్యంలో ఉంది. ఈ వరుసను మనం పారాయణంలో పాటిస్తాము, ఇంట్లో తలకిందులు చేస్తాము.

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. అంతిమ హజ్ యాత్రలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వాహనంపై ఆయన వెనుక, పినతండ్రి కుమారుడైన ఫజ్ల్ బిన్ అబ్బాస్ (రజి) కూర్చున్నారు. ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ ప్రశ్న అడగడానికి వచ్చింది. తన తండ్రి వృద్ధుడు, వాహనంపై కూర్చోలేడు, ఆయన తరఫున తాను హజ్ చేయవచ్చునా అని. యువకుడైన ఫజ్ల్ ఆమె వైపు చూడసాగారు. దైవప్రవక్త తన చేతితో ఫజ్ల్ ముఖాన్ని మరొక వైపు తిప్పారు. ఆమె ప్రశ్నకు, చేయవచ్చునని సమాధానం చెప్పారు. ఆమెను వెళ్ళిపొమ్మనలేదు. ఎందుకు వచ్చావని అడగలేదు. ఆమె అడగవలసినది అడిగి, తెలుసుకోవలసినది తెలుసుకొని వెళ్ళింది. ఆయన చేయి వేసినది మగవాని ముఖం మీద.

బందరు తండ్రి చేయి ఎక్కడ పడింది? పాట తెచ్చినవాని మీద పడలేదు. కంప్యూటర్ క్లాసు చేసిన తప్పేమిటో మాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు. ఆ క్లాసు ఆమెకు తిరిగి ఇవ్వండి. కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడండి. తిట్టడం సులభం, మాట్లాడడం కష్టం. ఈ విషయంలో మన తండ్రులకు అలవాటు మరీ తక్కువ. ఆ సంభాషణకు ముందు మీ ఫోనులోని వాట్సాప్ గ్రూపులను కూడా ఒకసారి తెరిచి చూసుకోండి. ఫజర్ తరువాత హదీసు పంపిన గ్రూపులోనే రాత్రి పదింటికి ఏమేమి వస్తున్నాయో మీకు తెలుసు, పిల్లలకు కూడా తెలుసు.

సంగీతం విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయ భేదాల్లోకి మేమిప్పుడు వెళ్ళడం లేదు. ఇటువంటి పాటలపై భేదాభిప్రాయమేమీ లేదు. అయినా భవానీపురంలోనైనా, వించిపేటలోనైనా మెహందీ రాత్రి డీజే పెట్టెల నుండి వినిపిస్తున్నవి ఇవే. నికాహ్ ఖుత్బాకు కాజీ గారిని పిలిచేవారూ, డీజేకు బయానా ఇచ్చేవారూ ఒకరే. పాటల జాబితా అడిగి తీసుకొనే పెద్దమనిషి ఒక్కడు ఇంట్లో ఉంటే చాలు, సగం సమస్య అక్కడే తీరుతుంది. డీజే కుర్రాళ్ళు డబ్బిచ్చినవారు ఏది వద్దంటే దాన్ని వేయరు.

ఇక బడులు. పెద్దలు చేసిన నృత్యాలను చిన్న పిల్లలచేత అసభ్యంగా చేయించరాదని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2019 జూన్‌లో టీవీ చానళ్ళకు సలహా ఇచ్చింది. అది డ్యాన్స్ రియాలిటీ షోల గురించి. బడి వార్షికోత్సవానికి అటువంటి సలహా ఇచ్చేవారు తల్లిదండ్రులే. వేదిక మీద రెండో తరగతి పిల్లలు ఐటం పాటకు నడుము తిప్పుతుంటే ముందు వరుసలో ఫోన్లు ఎత్తి చిత్రీకరిస్తున్నవారిలో మనమూ ఉంటున్నాము. అప్పటికప్పుడు లేచి వచ్చేసి లాభం లేదు. పిల్ల మనసు నొచ్చుకొంటుంది, పాట మారదు. డ్యాన్సు మాస్టారు పాటలు ఎంచేది వార్షికోత్సవానికి నెలా నెలన్నర ముందు. ఆ వారంలో వెళ్ళి ప్రిన్సిపాలును కలవాలి. ఒక్కరే వెళితే మతం పేరు చెప్పి పక్కన పెట్టేయవచ్చు. పక్కింటి హిందూ, క్రైస్తవ తల్లిదండ్రులను కూడా అడిగి చూడండి. వారిలో చాలామందికి ఇదే బాధ ఉంది, మొదట మాట్లాడేవారి కోసం ఎదురుచూస్తున్నారు.