రెండోసారి వచ్చే పిల్లలెందరు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో చదువుకునే పిల్లల మానసిక ఆరోగ్యం గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ రెండు ప్రశ్నల దగ్గరే ఆగుతోంది. సైకియాట్రిస్టు పోస్టులు ఎన్ని? భవనం ఎప్పుడు? రెండూ అవసరమే. కానీ నిద్ర పట్టక, చదివింది తలకెక్కక, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని ఆస్పత్రి గడప తొక్కిన ఇంటర్ పిల్ల మళ్లీ వస్తుందా రాదా అన్నది పోస్టుల లెక్క ఒక్కటే తేల్చదు. అక్కడి సిబ్బంది ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారు, పైఅధికారి వాళ్లను దేనికి నిలదీస్తాడు, దేనికి మెచ్చుకుంటాడు అన్నదాన్ని బట్టి కూడా తేలుతుంది. ఆ పని వాతావరణం గురించి మనం మాట్లాడుకోవడం లేదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో గ్లిసన్, హెమెల్‌గార్న్ అనే పరిశోధకులు 32 ప్రభుత్వ బాలల సేవా కార్యాలయాలను, అక్కడ సాయం పొందిన 250 మంది పిల్లలను పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల మానసిక స్థితి మెరుగుపడటానికి అన్నిటికన్నా బలమైన కారణంగా తేలింది ఆఫీసు వాతావరణమే. సిబ్బంది మధ్య గొడవలు తక్కువగా, సహకారం ఎక్కువగా, ఎవరి పనేమిటో స్పష్టంగా ఉన్నచోట పిల్లలు కోలుకున్నారు. శాఖల మధ్య సమన్వయం పెంచినచోట మాత్రం సేవల నాణ్యత పెరగకపోగా తగ్గింది. ఏ సమస్యకైనా ఒక సమన్వయ కమిటీ వేసి ఊరుకునే జిల్లా యంత్రాంగాలు ఈ సంగతి గమనించాలి. వాతావరణం ఎందుకింత ముఖ్యమంటే, ఒక్కో పిల్లవాడి బాధ ఒక్కో రకం. ఫారంలో లేని ప్రశ్న అడగడానికీ, రాని పిల్లవాడి ఇంటికి ఫోన్ చేయడానికీ సిబ్బందికి చొరవ కావాలి. ఎప్పుడు ఏ తప్పు మీద పడుతుందోనని భయపడే ఉద్యోగి రిజిస్టరు నింపి చేతులు దులుపుకుంటాడు.

అమెరికా సంగతి మనకెందుకనే వారికి బిహార్‌లోని నలందా జిల్లా జవాబు చెబుతుంది. అక్కడి 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహెర్’ అనే బడి ఆరోగ్య కార్యక్రమంపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కార్యక్రమం ఒకటే. కొన్ని బడుల్లో ఆ పనికే నియమించిన స్థానిక కౌన్సెలర్లు నడిపారు, కొన్నింట్లో ఉన్న టీచర్లే నడిపారు. కౌన్సెలర్లు ఉన్నచోట బడి వాతావరణం బాగుపడింది, పిల్లల్లో కుంగుబాటు తగ్గింది. టీచర్లకు అప్పగించినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇందులో టీచర్ల తప్పేమీ లేదు. మార్కులు వేసి, క్రమశిక్షణ చూసే మనిషికి మనసు విప్పి చెప్పుకోవడం ఏ పిల్లకైనా కష్టమే. విశాఖపట్నంలో ఒక కోచింగ్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి చదివే సంస్థలు కౌన్సెలర్‌ను నియమించాలని ఆదేశించింది. మంచి ఆదేశం. అయితే ఆ కౌన్సెలర్‌నే అడ్మిషన్ల ప్రచారానికీ, ఫీజు బకాయిల ఫోన్లకూ వాడుకుంటే పిల్లలకు ఆ గది మీద నమ్మకం పుట్టదు.

అసలు మనుషులే లేనప్పుడు వాతావరణం గురించి మాట్లాడటమేమిటన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. నిపుణుల కొరత నిజం, పోస్టులు భర్తీ చేయాల్సిందే. కానీ మనుషులు తక్కువైనకొద్దీ తొలి రాక విలువ పెరుగుతుంది. ప్రొద్దుటూరు నుంచి కడప రిమ్స్‌కు 50 కిలోమీటర్ల పైమాటే, జమ్మలమడుగు, పులివెందుల ఇంకా దూరం. తోడు వచ్చే తల్లికి ఒకరోజు కూలి పోతుంది. ఊళ్లోని ఆస్పత్రిలో ఓపీ చీటీ దగ్గర వెనక ఇరవైమంది నిలబడి ఉండగా ‘ఏం బాధ?’ అని గట్టిగా అడిగితే పిల్ల కడుపునొప్పి అని చెప్పి తప్పించుకుంటుంది. లోపల తలుపు తెరిచే ఉంటే డాక్టరుకూ అదే చెబుతుంది. ‘కడపకు పోండి’ అని చీటీ రాసిచ్చాక వెళ్లిందో లేదో కనుక్కునేవాళ్లు లేకపోతే కథ అక్కడితో సరి. మైనర్ల చికిత్స తల్లిదండ్రులకు తెలియాలనడం న్యాయమే. వరుసలో నిలబడ్డవాళ్లందరికీ తెలియాల్సిన పనేముంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కు చేసింది. పరువు పోతుందన్న భయం ఇళ్లలోనే పుడుతుందనుకున్నా, దాన్ని ఆస్పత్రి పెంచకూడదు కదా.

వీటిలో చాలావాటికి కొత్త జీవో అక్కర్లేదు. తలుపు వేసుకునే గది ఒకటి, కాలేజీ వదిలాక సాయంత్రం ఒక గంట కేటాయించడం ఆస్పత్రి అభివృద్ధి కమిటీలు తలుచుకుంటే అయ్యే పని. నెలవారీ సమీక్షలో ఎంతమందిని చూశారన్నదానితోపాటు ఎంతమంది రెండోసారి వచ్చారని అధికారులు అడగాలి. రాకపోతే సిబ్బందిని తిట్టకుండా, ఎందుకు రాలేదో వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఆ ప్రశ్న వచ్చే సమీక్షలోనే అడగమని మూడు పట్టణాల ఆస్పత్రుల అధికారులకు విన్నపం. ఈలోగా పిల్లలూ, తల్లిదండ్రులూ ఒక నంబరు గుర్తుంచుకోండి: టెలీ మానస్, 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.