మంద్రస్వరానికి మరొక గిటారు అవసరమా?

బాల్యంలో మా వీధిలో జరిగే మీలాదున్నబీ సభలలో నేను నాత్‌లు ఆలపించేవాడిని. పై స్థాయి స్వరాలు అనాయాసంగా పలికేవి. పెద్దలు తల నిమిరి దీవించేవారు. పదునాలుగవ ఏట కంఠం మారినది. ఆ తరువాత పదిమందిలో పాటకు నోరు విప్పలేదు. విశ్వవిద్యాలయ వసతి గృహంలో మిత్రుని వద్ద గిటారు నేర్చుకున్నాను గాని, పాట ఎత్తుకొన్నప్పుడెల్లా శ్రుతి అందక చరణంలోనే ఆగిపోయేవాడిని. అందువల్లనే బారిటోన్ గిటారును గురించి తెలిసిన నాటినుండి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈ వయసులో దానిని చేపట్టవచ్చునా?

ఆకారంలో అదీ గిటారే, తీగలు ఆరే. మామూలు గిటారులో తీగ మ్రోగే నిడివి సుమారు 25 అంగుళాలు కాగా, దీనిలో 27 మొదలు 30 అంగుళాల వరకు ఉంటుంది. తీగలు కూడా లావు. మామూలు గిటారు షడ్జం పలికే చోట ఇది దిగువ పంచమాన్నో, మధ్యమాన్నో పలుకుతుంది. అక్కడ అడుగు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే, పంచమానికి దించిన ఈ వాద్యంలో సుమారు 62 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారు తీగలనే అంత దిగువకు సడలిస్తే అవి బిగువు కోల్పోయి గరగరలాడతాయి. అందుకే ఈ నిడివి, ఈ లావు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. పాట శ్రుతిని తగ్గించుకొని, తదనుగుణమైన స్వరసమ్మేళనాలను పాత గిటారుపైనే వాయించవచ్చును గదా అని ఒకరంటారు. నిజమే. కాని అప్పుడు కంఠం దిగువకు వస్తుంది. వాద్యం పైననే ఉండిపోతుంది. మెట్ల మధ్య దూరం ఎక్కువ కనుక వ్రేళ్ళు మరింత చాచవలెనని ఇంకొకరంటారు. అదీ నిజమే. దగ్గర దగ్గర స్వరాలను మంద్రంలో కలిపి మీటితే నాదం కలగాపులగమవుతుంది. ఉపాధ్యాయుని జీతంలో రెండవ గిటారు విలాసమే అన్నది మా ఇంటిలో వినవచ్చిన మాట. దానికి నా వద్ద సమాధానం లేదు.

అయినను మంద్రస్థాయికి ప్రత్యేక వాద్యం ఉండడం మనకు వింత కాదు. సితారు ఉండగానే సుర్‌బహార్ పుట్టినది. సితారుతో ఆరంభించిన అన్నపూర్ణాదేవి (1927–2018), తండ్రియు గురువు అయిన అల్లాఉద్దీన్ ఖాన్ ఆదేశంపై సుర్‌బహార్ చేపట్టి, దానిలో అసమాన కీర్తి నార్జించినది. అమెరికాకు చెందిన పాట్ మెథెనీ 2003లో వెలువరించిన "వన్ క్వైట్ నైట్" బారిటోన్ గిటారుపై ఒంటరిగా వాయించినదే. నెమ్మదిగా సాగే పాటకు ఆ గంభీరనాదం ఎంత నిండుదనం తెస్తుందో అది వింటే తెలుస్తుంది.

నా సందేహాన్ని తీర్చినది మాత్రం తరగతి గది. కంఠం అప్పుడే మారిన ఒక విద్యార్థి పద్యం చదవడానికి లేచి, పై స్వరం అందక సిగ్గుతో కూర్చున్నాడు. "శ్రుతి తగ్గించి చదువు నాయనా, పద్యం ఎక్కడికీ పోదు" అన్నాను. వాడు తగ్గించి చదివినాడు. తరగతి నిశ్శబ్దంగా విన్నది. వానికి చెప్పిన మాటను ఇరవై ఏండ్లుగా నాకు నేను చెప్పుకోలేదని ఆనాడు గ్రహించాను.

కనుక నా నిర్ణయమిది. ఉన్న గిటారుకే కొంచెం లావు తీగలు వేసి, శ్రుతిని రెండు మెట్లు దించి, మూడు నెలలు ప్రతిదినం పాడతాను. ఆ సాధన నిలబడితే, పాత గిటారును విక్రయించి బారిటోన్ కొంటాను. నిలబడకపోతే లోపం వాద్యానిది కాదని తెలుసుకుంటాను. క్రొత్తదనం కోసం వాద్యం కొనేవాడు దానిని త్వరలోనే మూలన పెడతాడు.

విద్యార్థి మిత్రులారా! చిన్ననాటి కంఠం తిరిగి రాదు. ఉన్న కంఠానికి తగిన శ్రుతిని వెదకుకొని పాడండి.