సికింద్రాబాదు నుంచి లండన్‌కు

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. బడి పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఆ వాక్యం వెనుక ఏళ్ల తరబడి నడిచిన ఉత్తరాలున్నాయి. రాస్‌కూ, లండన్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్‌కూ మధ్య సాగిన ఆ ఉత్తరాలను సైన్సు విద్యార్థులందరూ చదవాలని మా కోరిక.

మాన్సన్ చైనాలోని అమోయ్‌లో పనిచేస్తూ, 1877లోనే బోదకాలు క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని కనుగొన్నాడు. మలేరియా కూడా అంతేనని ఆయన ఊహ. 1894లో లండన్‌లో ఉన్న రాస్‌కు మలేరియా క్రిమిని మైక్రోస్కోపులో చూపించాడు. అసలు అలాంటి క్రిమి ఉందనే అంతవరకూ నమ్మని రాస్ ఆ చూపుతో మారిపోయాడు. మరుసటి ఏడు సికింద్రాబాదు చేరింది మొదలు, చేసిన ప్రతి పరీక్షా గురువుకు రాసి పంపాడు. ఓడ టపా కాలం అది. జవాబు రావాలంటే నెల దాటేది.

ఈ ఉత్తరాల గొప్పతనం వాటిలోని పొరపాట్లలో ఉంది. దోమ ఒక్కసారే నెత్తురు తాగి, నీటి మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుందని, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందని మాన్సన్ అనుకున్నాడు. రాస్ 1895లో దోమలు చచ్చిన నీళ్లను లచ్మన్ అనే మనిషి చేత తాగించాడు. అతనికి జ్వరం రావడంతో తప్పుదారి మరింత బలపడింది. మనిషి మీద అలాంటి ప్రయోగాన్ని నేడు ఎవరూ ఒప్పుకోరు. నెగ్గిన ఫలితాన్ని మాత్రమే చెప్పే పత్రాల్లో ఇలాంటి వాటికి చోటుండదు. అందుకే ఉత్తరాలు కావాలి.

1897 ఆగస్టు ఎండల్లో రాస్ పడిన పాట్లు మరువరానివి. నుదుటి నుంచీ చేతుల నుంచీ కారే చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. కంటి అద్దం బీటలు వారింది. కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా లాగించుకోలేదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని, మచ్చల రెక్కల దోమలకు తన నెత్తురిచ్చాడు. వాటిలో చివరికి మిగిలిన దోమల కడుపు గోడలోనే నల్లని రేణువులున్న కణాలు కనబడ్డాయి. రాస్ ఆ నమూనాలను లండన్ పంపితే, వాటిని పరిశీలించి మాన్సన్ బాసటగా నిలిచాడు. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాస్ వ్యాసాన్ని అచ్చువేసింది.

అంతలో ప్రభుత్వం రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. పరిశోధన ఆగిపోయింది. నీరసించిన శిష్యుణ్ణి ఉత్తరాలతో నిలబెడుతూనే, లండన్‌లో అధికారుల వెంటపడ్డాడు మాన్సన్. 1898లో రాస్ కలకత్తా చేరి, పక్షుల మలేరియాను వెంటాడి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని తేల్చాడు. రోగం నీళ్లతో కాదు, దోమకాటుతోనే వస్తుందని రుజువైంది. ఆ జూలైలో ఎడిన్‌బరో వైద్యసభలో ఆ కబురు వినిపించింది మాన్సనే.

1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే దక్కింది. తరువాత స్నేహం చెడింది. 1912లో రాస్ గురువు మీద పరువునష్టం దావాకు దిగాడు. అయినా ఆ ఉత్తరాలను పారేయకుండా దాచిపెట్టాడు. అందువల్లే ఈ విజయంలో మాన్సన్ వాటా ఎంతో ఈనాడు మనం తూచగలుగుతున్నాం.

1998లో ఈ ఉత్తరాలు ఇంగ్లీషులో సంపుటంగా వెలువడ్డాయి. సికింద్రాబాదు గడ్డ మీద పుట్టిన ఈ సాహిత్యం తెలుగులోకి రావాలి. మన విశ్వవిద్యాలయాలు, అనువాదకులు, ప్రచురణకర్తలు ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాం. పూనుకునేవారికి మా పత్రిక పుటలు తెరిచే ఉంటాయి.