జన ఉన్న పులస



ఎర్రనీరు వచ్చింది. అంతర్వేది నుండి యానాం వరకు పడవలన్నీ నదిలోనే ఉన్నాయి. ఆదివారం ఆరాధనలో మగవారి వైపు సగం ఖాళీ. మేము నొచ్చుకోము. ఒక్క పులస వేల రూపాయలు పలికే దినాలు ఇవి.

కాలువ గట్టున గాలం వేసేవాడికి ఒక వెసులుబాటు ఉంది. చిన్నది పడితే తీసి నీళ్లలో వదిలేస్తాడు. పేతురు కూడా పన్ను కట్టడానికి గాలమే వేశాడు, ఒక్క చేప చాలింది (మత్తయి 17:27). పులస గాలానికి పడడం అరుదు. నీటిలోని సన్నని నాచును వడగట్టుకొని తినే చేపకు ఎరతో పనేముంది? వలే గతి. వలకు తగిలిన పులసను వదిలినా బ్రతకడం కష్టం.

సముద్రంలో ఉన్నప్పుడు విలస అనిపించుకునే ఆ చేప, గుడ్లు పెట్టడానికే వరదకు ఎదురీది వస్తుంది. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట మన చేలకు నీరిచ్చింది, పులస దారికి అడ్డమూ అయింది. (దొరగారిని తప్పుపట్టడం లేదు. ఆ నీళ్ల అన్నమే మేమూ తింటున్నాము.) ఇక ధవళేశ్వరం దిగువనున్న కాస్త నదే దానికి మిగిలింది. మన వలలన్నీ అక్కడే. పైగా జన ఉన్న చేపకే గిరాకీ.

గూటిలో పిల్లలను తీసుకున్నా తల్లిని విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. మనం తల్లినీ పిల్లలనూ ఒకే దాకలో వండుతున్నాము.

సముద్రంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. ఆ విరామానికి 2025లో ప్రభుత్వం కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చింది. మంచిదే. కాని పులస నదికెక్కేది జూలై మొదలుకొని. అప్పటికి ఆ నిషేధం ముగిసిపోతుంది. ఎర్రనీటి కాలంలో కొన్ని దినాలైనా నదిలో వలలు ఎత్తాలనీ, ఆ దినాలకూ భృతి ఇవ్వాలనీ మా అభిప్రాయం. భృతి లేకుండా వేట ఆపమంటే, ఆకలిగొన్నవాణ్ణి ఉత్త మాటతో సాగనంపినట్టే. యాకోబు పత్రిక చదివినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాదు నుండి ఫోను చేసి జన ఉన్నదే కావాలని బేరమాడే బంధువులకు కూడా ఒక మనవి. ఈ యేడు జన లేనిది అడగండి. పాస్టరుగారికని గిన్నె పంపే విశ్వాసులకూ అదే చెప్పాము. పాస్టరమ్మగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.