తమ్ముడూ... మోకాళ్లు వంచు!

సైకిల్ సీటు పట్టుకుని వెనకే పరిగెత్తి, చెప్పకుండా వదిలేసిన అన్నయ్యలు మన దగ్గర వీధికొకరు! మంచు మీద మాత్రం ఆ పప్పులుడకవు. సెలవులకి గుల్‌మార్గ్ వెళ్లినా, అమెరికాలో ఉన్న అక్క 'స్నోబోర్డింగ్ నేర్పిస్తా రారా' అని పిలిచినా ఈ నాలుగు ముక్కలూ గుర్తుంచుకోండి.

అసలీ ఆట పుట్టింది ఇంట్లోనే. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే తండ్రి, కూతుళ్లు ఆడుకుంటారని రెండు స్కీలను పక్కపక్కన బిగించాడు. దాని పేరు స్నర్ఫర్. అలాంటి బల్లలే మెరుగుపడి స్నోబోర్డులయ్యాయి. 1998లో నాగానో ఒలింపిక్స్‌కీ ఎక్కాయి. 2018లో పదిహేడేళ్లకే ఒలింపిక్ స్వర్ణం గెలిచిన రెడ్ జెరార్డ్ కూడా చిన్నప్పుడు అన్నల వెంటపడి నేర్చుకున్నవాడే.

ముందు ఏ కాలో తేల్చండి. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలైతే గూఫీ. నున్నటి నేల మీద సాక్సులతో జారమంటే ఏ కాలు ముందుకొస్తుందో చూస్తే కొంత తెలుస్తుంది. అన్నది ఎడమని తమ్ముడిదీ అదే కానక్కర్లేదు.

రెండోది... పడటం! అవును, నిలబడటం కన్నా ముందు నేర్పాల్సిందిదే. పడుతూ అరచేయి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. కొత్తవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. పిడికిళ్లు బిగించి, ముందుకైతే మోకాళ్లూ ముంజేతుల మీద, వెనక్కైతే గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నట్టుగా పడాలి. హెల్మెట్, మణికట్టు గార్డులు తప్పనిసరి.

తర్వాత చదునైన చోట ఒక కాలే బిగించి నడిపించండి. ఆపైన చిన్న వాలు. బోర్డు వాలుకి అడ్డంగా ఉండాలి. మడమల వైపు అంచు మీద నిలబడి కాలివేళ్లు పైకెత్తితే బ్రేకు, కాస్త దించితే జారుడు. దిగువ అంచు మంచులో గుచ్చుకుందా, దబ్బున పడటమే! అందుకే మీరు బోర్డు విప్పేసి, ఎదురుగా కింద నిలబడి రెండు చేతులూ పట్టుకోండి. కళ్లు కాళ్లకేసి కాదు, వెళ్లే వైపు ఉండాలి. వదిలేముందు 'వదులుతున్నా' అని చెప్పండి. మోసపోయానని అనిపిస్తే చిన్నవాళ్లు మళ్లీ చేయివ్వరు.

పెద్దవాళ్లు తొందరపడేది ఇక్కడే. తమకొచ్చు కదాని తొలిరోజే పైకి తీసుకెళ్లిపోతారు. గుల్‌మార్గ్ గండోలాలో పైకెళితే అఫర్వత్ కొండ. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. నేర్చుకునేవాళ్లకి కింది వాలే క్షేమం. మొదటి పాఠానికి శిక్షకుణ్ని పెట్టుకుంటే మరీ మంచిది.

అలసిపోకముందే ఆపేయండి. మణికట్టు వాచితే 'బెణికిందిలే' అనకుండా డాక్టరుకి చూపించండి. 'నీ వయసులో నేనైతే...' అనే మాట మాత్రం బూట్లతో పాటు గదిలోనే విప్పేసి రండి. తమ్ముడికి కావాల్సింది ఛాంపియన్ కాదు, కింద నిలబడి చేతులు చాచే అన్నయ్యే!